హెరాన్ ఆఖరి లైసెన్సు

సోహోలో ఒక నేలమాళిగ.
పైన నూడుల్స్ కొట్టు, కింద మేం పన్నెండుమందిమి.
కిటికీ లేదు. ఉన్నా మూసేసేవాళ్లమే,
తెరమీది నలుపు నిజంగా నలుపో కాదో
చీకట్లోనే తెలుస్తుంది మరి.

ఆ చలికాలం హెరాన్ వచ్చింది.
నాలుగు సీడీలు, వేలెడంత తాళం.
తాళం గుచ్చకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు.
దాని ఖరీదుకి క్రాయిడన్‌లో సగం ఇల్లొస్తుందని
డెర్మట్ క్విల్టీ రాత్రిళ్లు దాన్ని మేజోడులో దాచి
మేజోడుని టీ డబ్బాలో దాచేవాడు.

గుర్తు, ఒంటికాలి కొంగ.
లెక్క తేలేదాకా కళ్లు మూసుకుని నిలబడేది.
దొంగజపం అని తెలిసీ
మేమూ దాంతోపాటు ఊపిరి బిగబట్టేవాళ్లం.
ఉన్నట్టుండి ముక్కు ముంచి
ఒక్క ఫ్రేమును పైకి తీసేది,
ఇంకా కొట్టుకుంటున్న చేపని తీసినట్టు.

అంతకుముందు పొరమీద పొర, మడిచిన దుప్పట్లు.
అడుగుది కావాలంటే అన్నీ కూలాల్సిందే.
ఇప్పుడు గళ్లు, గళ్ల మధ్య గీతలు:
ఇటు ఆకాశం, అటు గుర్రం, నడుమ వాన.

గ్వెన్లియన్ ప్యూ వాళ్ల నాన్న
ష్రూస్‌బరీలో రైళ్లకి సిగ్నళ్లిచ్చిన మనిషి.
కూతురి పని చూద్దామని వచ్చి, టోపీ తియ్యకుండానే
తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.
"ఇది మా యార్డే కదే" అన్నాడు.
తర్వాత ఒక గీత మీద వేలు పెట్టి
"ఇక్కడ గుద్దుకుంటాయి."
గుద్దుకున్నాయి. ఆ రాత్రే.
వానా గుర్రమూ ఒకే పట్టాల మీదికొచ్చాయి.

ఏం రోజులవి అనను. నడుములు విరిగిన రోజులు.
పద్దెనిమిది సెకన్ల జుట్టు,
నాలుగు వందల ముప్పై రెండు ఫ్రేములు,
ప్రతి పాయ చుట్టూ చేత్తో గీసిన గీత.
నటి మెడకంటిన తెర ఆకుపచ్చని
నలుగు వదిలించినట్టు వదిలించాం.
హాల్లో ఎవరూ ఏమీ గమనించలేదు.
మాకు చప్పట్లంటే అవే.

తర్వాత హెరాన్‌ని ఎవరో పెద్దవాళ్లు కొన్నారు.
ధర పదోవంతుకి దిగింది.
పైకొట్టునుంచి బాతుమాంసం తెప్పించుకుని
పండగ చేసుకున్నాం.
డెర్మట్ మాత్రం తినలేదు.
"అమ్మేవాడు నవ్వుతుంటే నా జేబు నేను తడుముకుంటాను" అన్నాడు.

ఉత్తరం తొమ్మిది లైన్లు.
మీ ఆదరణకు కృతజ్ఞతలు అన్నది మొదటి లైను,
ఇక కొత్త వెర్షన్ ఉండదన్నది ఏడోది.
ఎనిమిదీ తొమ్మిదీ ఎవరం చదవలేదు.

కొత్త ప్రోగ్రాం మంచిదే, అబద్ధం ఎందుకు?
దానికి లోతు తెలుసు, కెమెరా తెలుసు.
మా వేళ్లకే తెలియలేదు:
గ్వెన్లియన్ చూపుడువేలు ఆర్నెల్లపాటు
లేని మీటని నొక్కుతూనే ఉంది.
ఆపైన పని పన్ను రాయితీ వెంట
వాంకూవర్ నడిచిపోయింది.
పన్నెండు కుర్చీల్లో నాలుగు మిగిలాయి.
నూడుల్స్ కొట్టు కూడా ఫోన్ల కొట్టయింది.

మెట్ల కింద ఒక్క యంత్రాన్ని డెర్మట్ చావనివ్వలేదు.
లైసెన్సు గడువు దాటకుండా
దాని గడియారాన్ని వెనక్కి తిప్పి పెట్టాడు.
వీధిలో ఏ సంవత్సరం నడిచినా
దానికి ఎప్పుడూ అదే ఆగస్టు.

పోయిన మార్చిలో ఎవరికో పాత సినిమా మళ్లీ కావాల్సొచ్చింది.
డెట్‌ఫర్డ్‌లో కుక్కల్ని చూసుకుంటున్న గ్వెన్లియన్
కోటునిండా బొచ్చుతో దిగింది.
తాళం గుచ్చాం. కొంగ కళ్లు మూసుకుంది.
మూడు నిమిషాలు. ఐదు.
కుర్రాడు టోబెన్నా "ఆగిపోయిందా?" అన్నాడు.
ఇద్దరం ఒకేసారి "ష్."

తెరుచుకుంది. సగం గళ్లకి ఎర్ర ఇంటూలు.
ఆకాశం ఏ డిస్కులో పోయిందో, లేదు. గుర్రం లేదు.
ఉన్నవల్లా వాన, వానలో పరిగెడుతున్న నీడ,
గ్వెన్లియన్ చేత్తో వేసిన నీడ.

"గుర్రమేది?" అన్నాడు టోబెన్నా.
ఆమె వినలేదు. గీతల వెంట వేలు పోనిచ్చి
ఒక మూల ఆగింది. అక్కడొక పసుపు చీటీ గడి,
లోపల ఎప్పుడో కొట్టిపెట్టిన నాలుగు ముక్కలు:
నాన్న చెప్పిన చోటు.
ముట్టుకోవద్దు.